ఒట్టి కడుపుతో

గోడ గడియారంలో నాలుగూ పదయింది, జోవీని లోపలికి తీసుకెళ్లి పన్నెండు నిమిషాలయింది, గంట పడుతుందన్నారు, గంటంబావు పట్టినా పట్టొచ్చన్నారు, కంగారు పడకమ్మా అన్నారు. వాళ్లకేం, రోజుకి పాతిక మూతులు కుట్టేవాళ్లు, నాకున్నది ఒక్కతే పిల్ల, ఆ పిల్లకున్నది ఒక్కటే మూతి. తలుపుకి పైన గుండ్రటి అద్దం ఉంది గానీ నాకు అందదు, మునివేళ్ల మీద లేచినా లోపలి దీపం వెలుగు తప్ప ఏమీ కనపడదు, రెండుసార్లు లేచి చూసి మళ్లీ కూర్చున్నాను. తలుపు ముందు నేల మీద ఎర్ర టేపు అతికించారు, రోగుల తాలూకు వాళ్లెవరూ దాన్ని దాటకూడదు, పొద్దున నేను దాటాను, దాటి అరిచాను కూడా, ఆ అరుపు తల్చుకుంటే ఇప్పటికీ నాకే కొత్తగా ఉంది, ఆ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నానో తెలీదు. ఈ బల్లకి ఆ చివర మా అత్త, నానాయ్ సెలింగ్, జపమాల పట్టుకుని కూర్చుంది, పూసలు మాత్రం కదలడం లేదు. ఈ చివర నేను. మధ్యలో మానో డామ్యాన్, యాభై రెండేళ్ల మనిషి, కొబ్బరి తోటల్లో పని, పై పెదవికి ఈ పొద్దుటే వేసిన కుట్లు, వాటి మీద తెల్ల పట్టీ, మాట్లాడొద్దని డాక్టర్లు చెప్పారు, మధ్యాహ్నం నుంచీ ఆపకుండా మాట్లాడుతున్నాడు.

ఇక్కడికి మేం రావడం ఇది రెండోసారి. డాక్టర్ల మిషన్ ఈ ఊరికి రెండేళ్లకొకసారి వస్తుంది, మనీలా నుంచి, సెబూ నుంచి, సముద్రాల అవతల నుంచి డాక్టర్లు తమ ఉద్యోగాలకి సెలవు పెట్టుకుని, తమ పెట్టెలు తామే మోసుకుని వస్తారు, ఒక్క వారం ఉంటారు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. మొదటిసారి జోవీకి రెండేళ్లు. మా దీవి నుంచి మూడు గంటలు మోటారు పడవ, ఆ పైన రెండు గంటలు జీప్నీ, తీరా వస్తే డాక్టరమ్మ పిల్ల ఛాతీ మీద గొట్టం పెట్టి విని, దగ్గుంది, మత్తు ఇవ్వలేం, ఈసారికి వద్దు అంది. ఆ దగ్గు ఆరు రోజుల్లో పోయింది, మిషన్ మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో జోవీ మాటలు నేర్చుకుంది, తనని చూసి నవ్వుతారని నేర్చుకుంది, ఎవరైనా ఎదురైతే చెయ్యి మూతి మీదికి తీసుకెళ్లడం నేర్చుకుంది. అన్నిటికంటే ఆ చెయ్యే నన్ను కోసేసింది. అది నేను నేర్పలేదు. సంతకి తీసుకెళ్లినప్పుడల్లా నానాయ్ దాని మూతికి రుమాలు కట్టేది, గాలి తగులుతుందని, మా దీవిలో అందరికీ తగలని గాలి నా కూతురికే తగులుతుందని. అందుకే ఈసారి రెండు నెలల ముందునుంచీ నేను దాన్ని వానలోకి పంపలేదు, ఐసు ముట్టుకోనివ్వలేదు, పక్కింటావిడ తుమ్మితే తలుపులు వేసుకున్నాను, నెనిటాకి పిచ్చెక్కిందని ఊరంతా అనుకుంది. అనుకోనీ. నిన్న పరీక్ష చేసిన డాక్టరు ఛాతీ శుభ్రంగా ఉందన్నప్పుడు నాకు పరీక్ష పాసైనంత పొగరొచ్చింది.

నాలుగూ పద్దెనిమిది. లోపల ఏ వైపు మొదలుపెట్టి ఉంటారో, పొద్దున కుట్లు వేసే కుర్ర డాక్టరు ఒకతను నీలం సిరాతో పిల్ల పెదవి మీద చుక్కలు పెట్టాడు, ఇక్కడిది ఇక్కడికి వస్తుంది, ఇది అక్కడికి వెళ్తుంది అని నాకు చూపించాడు, బట్ట కత్తిరించే ముందు దర్జీ సుద్దతో గీసుకున్నట్టే. పిల్ల కదలకుండా కూర్చుంది. అది ఎప్పుడూ అంతే, అవసరమైన చోట బుద్ధిగా ఉంటుంది, అనవసరమైన చోట ఇల్లు పీకి పందిరేస్తుంది.

మా వైపు మొర్రితో పిల్ల పుడితే జనం ముందు పిల్లని చూడరు, తల్లిని చూస్తారు. ఎక్కడ జారిపడ్డావు, ఎన్నో నెలలో పడ్డావు, కడుపుతో ఉన్నదానివి ఒళ్లు దగ్గర పెట్టుకోవద్దా. తల్లి జారిపడితే లోపల బిడ్డ మూతి పగులుతుందని అందరికీ తెలుసు, ఎలా తెలుసంటే అందరూ అంటారు కాబట్టి తెలుసు. నానాయ్ నాలుగేళ్లుగా ఆ మాటని కూరలో ఉప్పులాగా రోజూ వేస్తూనే ఉంది. పడవ దిగేటప్పుడు చూసుకో, అసలే జారే మనిషివి. మెట్ల మీద తడి ఉంది, నీకు చెప్పక్కర్లేదులే, అలవాటేగా. నా మొగుడు ఫెర్మిన్ ఉన్నప్పుడు అనేది కాదు, అతను వలకి వెళ్లగానే మొదలు. ఇందులో అసలు దారుణం ఏమిటంటే నేను నిజంగానే జారాను. సముద్రపు నాచు ఆరబెట్టే వెదురు మంచె మీద, మంచు కురిసిన పొద్దున, మూడో నెల చివర్లో, ధబ్బున కూలబడ్డాను. చుట్టూ చూశాను, ఎవరూ లేరు, నొప్పి లేదు, రక్తం లేదు, లేచి లంగా దులుపుకుని మిగిలిన నాచు పరిచాను. ఎవరికీ చెప్పలేదు, ఫెర్మిన్‌కి కూడా. నానాయ్ చీకట్లో రాయి వేసింది, అది సరిగ్గా వచ్చి నాకు తగిలింది, తగిలిందని ఆవిడకి తెలీదు, తెలియనివ్వకుండా నాలుగేళ్లు నోరు మూసుకుని బతికాను.

మొన్న బాస్కెట్‌బాల్ కోర్టులో, రెండు వందల కుటుంబాలు బారులు తీరి కూర్చున్న చోట, జోవీ మెడలో ముప్ఫై ఒకటో నెంబరు చీటీ వేలాడుతుండగా, నానాయ్ దొడ్డికి వెళ్లిన సమయం చూసుకుని ఆ కుర్ర డాక్టరుని అడిగేశాను. ఇక్కడ తల్లులందర్నీ వాళ్లు మామీ అంటారు. ఎన్నో నెలలో జారావు మామీ, అన్నాడు. మూడో నెల చివర, అన్నాను. అతను పెన్ను చెవి మీద పెట్టుకుని తాపీగా చెప్పాడు. "అప్పటికి పెదవి పనంతా అయిపోతుంది మామీ. రెండో నెల తిరక్కుండానే రెండు పక్కల నుంచీ వచ్చి కలుసుకోవాలి. నువ్వు జారే నాటికే అది అలా ఉంది. నీ జారుడికీ దీనికీ సంబంధం లేదు." అంతే. నాలుగేళ్ల బరువు, అంత చిన్న మాటతో దించేశాడు, దించి తర్వాతి నెంబరు చూసుకుంటున్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఈ మాట చెప్పేవాడు ఒక్కడు మా దీవిలో ఉండకపోయాడా అని. ఇంతలో నానాయ్ వచ్చింది. మీ రెండు వైపులా ఎవరికైనా ఇలా ఉందా అని అదే డాక్టరు అడిగాడు, కాగితంలో రాసుకోవడానికి. మా ఇంట్లో లేదు, అంది నానాయ్, ప్రశ్న పూర్తికాకముందే అంది.

నాలుగూ ముప్ఫై. మానో డామ్యాన్ మళ్లీ మొదలుపెట్టాడు. మీసం పెంచుతానంటాడు. ఇన్నాళ్లూ పెంచితే చీలికకి అటు సగం ఇటు సగం వేలాడి మరీ అన్యాయంగా ఉండేదట, అందుకని యాభై రెండేళ్లూ మూతికి తుండుగుడ్డ కట్టుకునే తిరిగాడు, తోటలో, గుళ్లో, ఆఖరికి తన చెల్లెలి పెళ్లిలో కూడా. ఇందాక నర్సు అద్దం ఇస్తే చూసుకున్నాడట. "మా నాన్న కనిపించాడమ్మా," అన్నాడు, పట్టీ కింద నుంచి మాట ముద్దముద్దగా వచ్చింది. "పోయి పాతికేళ్లయింది ఆయన." అని పట్టీని వేలి కొసతో తడుముకున్నాడు, ముట్టుకోవద్దని కూడా డాక్టర్లు చెప్పారు.

ఈయన రుణం నేను ఎలా తీర్చుకోను. పొద్దున జరిగింది మళ్లీ వరసగా తల్చుకుంటున్నాను. అర్ధరాత్రి నుంచి పిల్లకి ఏమీ పెట్టొద్దన్నారు, నీళ్లు కూడా వద్దన్నారు, తెల్లారగట్ట ఐదింటికి మందు సబ్బుతో స్నానం చేయించమన్నారు. మేమంతా పడుకున్న బడి గదుల వెనక బోరింగు, చన్నీళ్లు. నానాయ్ అక్కడే అడ్డం పడింది. ఒట్టి కడుపుతో చన్నీళ్లు పోస్తే పిల్లకి పస్మా పడుతుంది, నరాలు బిగిసిపోతాయి, ఆపరేషను సంగతి తర్వాత, ముందు పిల్ల దక్కాలి కదా. పస్మా అంటే మా వాళ్లకి దెయ్యంకన్నా భయం, నాకూ భయమే, అయినా డాక్టర్లు చెప్పారుగా అని పోసేశాను. జోవీ ఐదింటి నుంచీ ఆకలని ఏడ్చింది, ఆరింటికి ఏడుస్తోంది, ఆరున్నరకి సంతకాలు పెట్టాలి రమ్మని నన్ను పిలిచారు, పిల్లని నానాయ్ ఒళ్లో పెట్టి వెళ్లాను. వచ్చేసరికి పిల్ల ఏడవడం లేదు. అదృష్టం అనుకున్నాను. ఎనిమిదిన్నరకి నీలం బట్టల నర్సు వచ్చి దాన్ని ఎత్తుకుని ఆ తలుపులోకి తీసుకెళ్లింది, జోవీ నర్సు భుజం మీద నుంచి నన్ను చూసింది, చెయ్యి మూతి మీద లేదు, ఆ ఒక్కటీ నేను పదిలంగా చూసుకున్నాను. తలుపు మూసుకుంది. నానాయ్ నా పక్కన కూర్చుని, మోకాళ్లు రుద్దుకుంటూ, ఎంతో నిశ్చింతగా, "భయపడకు ఇందాయ్, దాన్ని ఒట్టి కడుపుతో పంపలేదు నేను," అంది.

ఆవిడ నన్ను ఇందాయ్ అని ప్రేమగా పిలిచేది ఏడాదికి రెండు మూడుసార్లు, అందులో ఇదొకటి. ఏం పెట్టావు నానాయ్ అన్నాను. అరకప్పు జావ, చిక్కగా, బెల్లం వేసి, పాపం గబగబా తినేసింది. ఎవరు చూడకుండా పెట్టాలో అలాగే పెట్టాను, నాకు తెలీదా అంది. నిన్న సాయంత్రం మత్తు డాక్టరు, మనీలా నుంచి వచ్చిన పొట్టి ఆవిడ, అందరు తల్లుల్నీ కూర్చోబెట్టి చెప్పిన మాట అప్పుడు నా చెవుల్లో వినిపించింది, మత్తులో ఉన్న పిల్లకి కడుపులో ఉన్నది పైకి తంతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ తర్వాత మేం చేయగలిగింది చాలా తక్కువ. నానాయ్ ఆ మీటింగులో కునికిపాట్లు పడింది. నేను లేచాను. ఎర్ర టేపు, తలుపు, ఇంకో తలుపు, చల్లటి గది, గుండ్రటి పెద్ద దీపం, దాని కింద ఎంత చిన్నగా ఉందో నా పిల్ల, పొట్టి డాక్టరు చేతిలో మూతికి పెట్టే ముసుగు. ఆపండి అని అరిచాను. ఆపండి, పిల్ల జావ తింది. అరుపు ఆ గోడలకి తగిలి మళ్లీ నాకే వినిపించింది. అందరూ కదలడం మానేశారు. పొట్టి డాక్టరు ముసుగు పక్కన పెట్టి, నా దగ్గరకొచ్చి, "ఎప్పుడు తింది? ఎవరు పెట్టారు?" అంది. ఆరున్నరకి. నేనే పెట్టాను.

నేనే అన్నాను. ఎందుకన్నాను. ఎనిమిది గంటలుగా అదే ఆలోచిస్తున్నాను. అత్త మీద జాలా, కాదు, ఆ క్షణాన ఆవిడని సముద్రంలో తోసేసేదాన్ని. అలవాటు, అంతే. పిల్ల విషయంలో ఏ తప్పు జరిగినా నాది అని ఒప్పుకోవడం నాలుగేళ్లుగా నాకు అలవాటైపోయింది, ఎవరు పెట్టారు అనగానే నోరు దానంతటదే నేను అంది. పొట్టి డాక్టరు నన్ను అందరి ముందూ చెడామడా తిట్టింది, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా తిట్టింది, ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో తెలుసా అంది, నాకు తెలుసు అన్నాను, ఆ తర్వాత ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. మంచి పని చేశావు మామీ, పరిగెత్తుకు వచ్చావు, అంది. చాలామంది చెప్పరు, అంది. అప్పుడు కాగితం తీసి చూసి తల అడ్డంగా ఊపింది. ఈ రోజు ఆఖరు రోజు. ఆరు గంటలు ఆగాలి, పైగా ఆగినా ఖాళీ లేదు, అన్ని టేబుళ్లూ సాయంత్రం దాకా నిండిపోయాయి, రేపు పొద్దున లారీలో సామాను ఎక్కించాలి. మళ్లీ రెండేళ్లు. బడికి వెళ్లే ఈడు వచ్చేస్తుంది. ఆరేళ్ల పిల్ల మూతి మీద చెయ్యి పెట్టుకుని బడి మెట్లెక్కడం నా కళ్ల ముందు కనిపించింది, నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

అప్పుడు వచ్చాడు ఈ మానో డామ్యాన్, తుండుగుడ్డ మూతికి కట్టుకుని, తలుపులోంచి తొంగి చూస్తూ. గొడవంతా బయటికి వినిపించిందట. అతనిది ఆఖరి నెంబరు, సాయంత్రం నాలుగింటికి. "నా చోటు ఆ పిల్లకివ్వండి, దాని చోట్లో నన్ను కుట్టెయ్యండి," అన్నాడు. పొట్టి డాక్టరు నువ్వేమైనా తిన్నావా అంది. "రెండు పళ్లేల అన్నం, మూడు ఎండు చేపలు. నాకు మత్తక్కర్లేదు, పెదవి దగ్గర సూదేస్తే చాలని మీవాళ్లేగా చెప్పారు. నా కడుపుతో మీకేం పని." గదిలో ఎవరో నవ్వారు, పొట్టి డాక్టరు కూడా నవ్వింది, కాగితం మీద రెండు పేర్లు కొట్టేసి అటుదిటు రాసింది. నేను కాళ్ల మీద పడబోతే ఆయన వెనక్కి గెంతాడు. గుడ్డలోంచి మెల్లిగా నాకొక్కదానికే చెప్పాడు, "సాయంత్రం దాకా ధైర్యం కూడగట్టుకుందామనుకున్నానమ్మా. ధైర్యం రాకపోతే పారిపోదామనుకున్నాను. ఇప్పుడు నువ్వు నాకు పారిపోయే టైము లేకుండా చేశావు." అని గుడ్డ విప్పుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఐదింటికి ఇంకా పదిహేను నిమిషాలుంది. వసారాలో పెట్టెలకి తాళ్లు కడుతున్నారు, నీలం బట్టల కుర్రాళ్లు మూతలు బిగిస్తున్నారు, లోపల ఉన్నది ఒక్క నా పిల్లే. పిల్లని మళ్లీ లోపలికి తీసుకెళ్లేదాకా ఆ ఏడు గంటలూ ఎలా గడిచాయో. జోవీ చేతికి సూది, సూదికి గొట్టం, గొట్టంలోంచి చక్కెర నీళ్లు, అయినా దాని నోటికి ఆకలి ఆకలే, అది ఏడుస్తుంటే నేను వసారాలో దాన్ని ఎత్తుకుని తిప్పుతూనే ఉన్నాను. నానాయ్ మా దగ్గరికి రాలేదు. మెట్ల దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. మధ్యాహ్నం నేను ఒకసారి ఆవిడ ముందు నుంచే వెళ్లాను, చూడకుండా వెళ్లాను. నాలుగేళ్లుగా నేను జారిన ఒక్క క్షణం నా మెడకి కట్టి తిప్పావు, ఇప్పుడు నీ అరకప్పు జావ ఎవరి మెడకి కట్టను అని మనసులో వంద రకాలుగా అన్నాను, పైకి ఒక్కటీ అనలేదు. నిజం చెప్పాలి, కోపంగా ఉన్నప్పుడు కూడా ఒక సంగతి అడ్డం వస్తూనే ఉంది. జోవీ పుట్టిన రోజు, పిల్లకి రొమ్ము పట్టు దొరక్క నేను గుడ్ల నీళ్లు కుక్కుకుంటుంటే, పాలు పిండి, గుడ్డ వత్తితో పిల్ల నాలిక మీద చుక్క చుక్క వేసింది నానాయే. రెండు నెలలు రాత్రీ పగలూ అలా వేసింది, పిల్ల తలని ఎంత ఎత్తులో పట్టాలో, ఎంతసేపు ఆగి ఇంకో చుక్క వెయ్యాలో, అన్నీ తెలిసినట్టు వేసింది. నోటితో నన్ను చంపింది, చేత్తో నా పిల్లని బతికించింది. ఇది నేనెవరితో చెప్పుకోను.

ఎవరో బల్ల మీద నా పక్కకి జరుగుతున్నారు. మానో డామ్యాన్ లేచి కిటికీ దగ్గరకి వెళ్లాడు, అతని చోట్లో నానాయ్.

"ఆ నర్సమ్మకి చెప్పి వచ్చాను," అంది, గోడని చూస్తూ. "జావ పెట్టింది కోడలు కాదు, నేనని. కాగితం మీద మార్చి రాయమన్నాను. నా ముందే రాసింది."

"ఇప్పుడెందుకు నానాయ్ అదంతా."

"ఎందుకంటే నేను పెట్టాను కాబట్టి." కాసేపు జపమాల పూసల్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోసుకుంది. "పస్మా అన్నాను గానీ అది కాదు నెనీ. మా చెల్లెలు ఒకతి ఉండేది, పాసింగ్ అని. దానికీ ఇలాగే మూతి. ఇరవై మూడు రోజులు బతికింది. చీకలేకపోయింది. మా అమ్మకి పాలు కారి రవిక తడిసిపోయేది, దాని గొంతులోకి మాత్రం దిగేవి కాదు. గుడ్డతో వెయ్యొచ్చని ఎవరికీ తోచలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అది ఆకలికి ఏడ్చి ఏడ్చి ఒకరోజు ఏడవడం మానేసింది. ఊరుకుంది, నయమైందని మేం సంతోషపడ్డాం. పొద్దున జోవీ కూడా ఏడ్చి ఏడ్చి ఊరుకుంది ఇందాయ్. ఊరుకునేసరికి నా వల్ల కాలేదు."

అరవై ఏళ్లు కడుపులో పెట్టుకుంది. మా ఇంట్లో లేదు అని ప్రశ్న అయ్యేలోపే అన్న మనిషి. చెబితే తన రక్తంలోనే ఉందంటారని, తన కొడుకుని అంటారని, నా మీద వేసేసింది, నా మీద వేస్తే ఎవరికీ నష్టం లేదు కదా, నేను బయట నుంచి వచ్చినదాన్ని. కోపం రావాలి. వచ్చింది కూడా, గొంతు దాకా వచ్చింది, వచ్చి అక్కడ ఆ తొమ్మిదేళ్ల పిల్ల కనిపించి ఆగిపోయింది, ఉయ్యాల దగ్గర నిలబడి చెల్లెలు ఊరుకుందని సంతోషపడుతున్న పిల్ల. నాలుగేళ్లుగా అనని మాట అనేశాను.

"నేను నిజంగానే జారాను నానాయ్. మూడో నెలలో. దానివల్ల కాదని డాక్టరు చెప్పాడు గానీ, జారాను."

"ఎక్కడ?"

"నాచు మంచె మీద."

నానాయ్ మొదటిసారి నా వైపు తిరిగింది. "ఆ వెదుళ్లు పుచ్చిపోయాయి మార్చరా అని ఫెర్మిన్‌కి ఆ వానాకాలమే చెప్పాను. దున్నపోతు, వింటేనా," అంది. మేమిద్దరం ఒకేసారి నవ్వాం, ఆసుపత్రి అని కూడా చూడకుండా, నాకు నవ్వులోనే ఏడుపు వచ్చేసింది, ఆవిడ తన భుజం మీది గుడ్డతో నా మొహం తుడిచింది, మొరటుగా, గిన్నె తుడిచినట్టు. కిటికీ దగ్గర మానో డామ్యాన్ కుట్లు లాగుతాయని మూతి పట్టుకుని మరీ నవ్వుతున్నాడు, ఏమీ వినకపోయినా.

ఐదూ పది. గంట దాటింది. నవ్వు ఎప్పుడో పోయింది. ఐదూ పదిహేడు. తలుపు ఒకసారి తెరుచుకుంది, ఒక కుర్రాడు ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు, మమ్మల్ని చూడలేదు, ఎందుకు చూడలేదు, చూడకూడనిది ఏమైనా ఉందా. జావ కడుపులోంచి పూర్తిగా పోయిందా, తొమ్మిదిన్నర గంటలు చాలా, చిక్కటి జావ కదా, బెల్లం కదా, దేవుడా, ఆ పిల్ల తిన్న అరకప్పూ నేను ముందే తినేసి ఉంటే పోయేదే. నానాయ్ చెయ్యి నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలీదు, ఎముకలు తగిలేంత గట్టిగా పట్టుకుంది, నేనూ పట్టుకున్నాను, ఇద్దరం ఆ తలుపునే చూస్తున్నాం. ఐదూ ఇరవై రెండు. తలుపు తెరుచుకుంది. పొట్టి డాక్టరు, టోపీ తీసేసి, జుట్టంతా చెమటకి అంటుకుపోయి, గోడకి ఆనుకుని నిలబడి, "బాగా జరిగింది మామీ. చాలా బాగా," అంది. వెనకాల లోపల ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, వారం మొత్తానికి ఇదే ఆఖరిది, వసారాలో పెట్టెలు కడుతున్నవాళ్లు కట్టడం ఆపి కొట్టారు, మెట్ల మీద ఉన్న తల్లులు కొట్టారు, మానో డామ్యాన్ ఎక్కువ గట్టిగా కొట్టాడు. నా కూతురి కోసం. మూతి కప్పుకుని సంతకి వెళ్లే నా కూతురి కోసం ముక్కూ మొహం తెలియని యాభై మంది చప్పట్లు కొట్టారు.

లోపలికి రమ్మన్నారు, ఇద్దర్నీ. నాలుగు మంచాలు, మూడు ఖాళీ, చివరి దాని మీద ఎవరిదో పిల్ల. ఎవరిదో అనే అనుకున్నాను, ఒట్టు, నా పిల్ల కోసం పక్కకి చూశాను. గుండ్రటి మొహం, వాచిన పై పెదవి, మధ్యలో సన్నటి కుట్ల గీత, మూసుకున్న మూతి. మూసుకోవడం ఎలా ఉంటుందో నేను దాని మొహం మీద ఎప్పుడూ చూడలేదు. చెవి వెనక పుట్టుమచ్చ చూసి గానీ నమ్మలేదు. ఒక్క క్షణం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, పాత మొహం కావాలనిపించింది, తెల్లారి లేచి నన్ను చూడగానే మొహమంతా విచ్చుకునే ఆ పాత నవ్వు, దానికి చెప్పకుండానే నేను దాన్ని పంపించేశాను. ఆ దిగులు అలా ఉండగానే జోవీ కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. నవ్వుతుందేమో అనుకున్నాను. కనుబొమలు ముడిచింది, కొత్త పెదవి రెండు పక్కలా ఒక్కటై వణికింది, గది మొత్తం వినపడేలా కోపంగా ఏడ్చింది.

"అమ్మ నాకేం పెట్టలేదు. నిన్నట్నించి పెట్టలేదు."

నర్సులు పకపకా నవ్వారు. నా పిల్ల నా మీద ఫిర్యాదు చేస్తోంది, చెయ్యి మూతి మీద లేదు, రెండు చేతులూ మంచం మీద బాదుతోంది. నానాయ్ అప్పటికే నర్సు ముందుంది, ఇంత చిన్నగా, ఇంత వినయంగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. "అమ్మా, ఇప్పుడు పెట్టొచ్చా? ఏం పెట్టాలి? ఎంత పెట్టాలి? నువ్వే చెప్పు, నేను చెయ్యను." నర్సు గ్లాసులో నీళ్లు పోసి చెంచా వేసి, మెల్లిగా, కొంచెం కొంచెంగా, అని నా చేతికిచ్చింది. నాలుగేళ్లుగా ఈ పిల్లకి ఏం పట్టినా సగం చీలికలోంచి గడ్డం మీదికి, మెడ మీదికి కారిపోయేది, నేను ఒక చేత్తో పడుతూ ఇంకో చేత్తో తుడుస్తూ ఉండేదాన్ని, ఇప్పుడూ నా ఎడమ చెయ్యి దానంతటదే దాని గడ్డం కిందికి వెళ్లింది. చెంచా ఆనించాను. జోవీ ఏడుపు ఆపి, కళ్లు పెద్దవి చేసి, మూతి మూసింది. గొంతు కదిలింది. నా ఎడమ చెయ్యి పొడిగానే ఉంది. నానాయ్ వంగి ఆ అరచేతిని చూసింది, వేలితో తడిమి చూసింది, ఇంకోసారి చూసింది.

"ఇంకా," అంది జోవీ.